నాలుగు ఛానెళ్లు, ఒకటే పాట: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు.

ఇంతవరకు ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో లేని 234 పట్టణాల్లో 730 ఛానెళ్లకు వేలం నిర్వహించడానికి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్‌కు 22 పట్టణాల్లో 68 ఛానెళ్లు, తెలంగాణకు 10 పట్టణాల్లో 31 ఛానెళ్లు ఉన్నాయి. మా కాకినాడ వంతుకు నాలుగు వచ్చాయి. నేను ఈ ఊళ్లో చిన్న ప్రకటనల ఏజెన్సీ నడుపుతున్నాను. బట్టల కొట్లకు, నగల దుకాణాలకు, కోచింగ్ సెంటర్లకు కరపత్రాలు, ఫ్లెక్సీలు, కేబుల్ టీవీ స్క్రోలింగులు, మైకు కట్టిన ఆటోలు ఏర్పాటు చేయడం నా వృత్తి. రేడియో వస్తే నాకూ నాలుగు డబ్బులు వస్తాయన్న ఆశ ఈ లేఖ వెనుక లేదని చెప్పను. అయితే ఆ నాలుగు ఛానెళ్లూ నిలదొక్కుకుంటేనే ఆ ఆశ తీరుతుంది. ఇప్పటి నిబంధనలతో అవి నిలుస్తాయన్న నమ్మకం నాకు లేదు.

ముందు డబ్బు సంగతి. 730 ఛానెళ్లకు కలిపి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేలం ధర 784.87 కోట్ల రూపాయలు, అంటే సగటున ఛానెల్‌కు సుమారు కోటీ ఏడున్నర లక్షలు. అనుమతి కాలం పదిహేనేళ్లు కాబట్టి ఆ మొత్తాన్ని నెలలకు పంచితే నెలకు అరవై వేల రూపాయలు కూడా కాదు. ఏటా కట్టవలసిన రుసుమును కూడా ఈ కొత్త పట్టణాల్లో జి.ఎస్.టి. మినహాయించిన స్థూల ఆదాయంలో 4 శాతంగా నిర్ణయించారు. ఇది మంచి నిర్ణయమే. అందువల్ల లైసెన్సు ఖరీదు చిన్న ఊళ్ల రేడియోను ముంచుతుందన్న వాదనలో ఇప్పుడు పెద్ద పస లేదు. స్టూడియో అద్దె, కరెంటు, ట్రాన్స్‌మిటర్ నిర్వహణ, పాటల రాయల్టీ, కార్యక్రమాలు నడిపే వ్యాఖ్యాతల (ఆర్జేల) జీతాలు, ప్రకటనలు తెచ్చే మనుషుల జీతాలు ప్రతి నెలా ఆ అరవై వేలకు ఎన్నో రెట్లు ఉంటాయి. ఆ ఖర్చును ఊళ్లోని దుకాణాలే భరించాలి. అవి భరిస్తాయా లేదా అన్నది ఛానెల్ ఏమి వినిపిస్తుందన్న దాని మీద, అంటే రేడియో వాళ్లు ఫార్మాట్ అని పిలిచే దాని మీద ఆధారపడి ఉంటుంది.

పెద్ద నగరాల ఛానెళ్లను సబ్బులు, కార్లు, సెల్‌ఫోన్ల కంపెనీలు పోషిస్తాయి. ఆ కంపెనీలు శ్రోతల లెక్కలు చూసి డబ్బు పెడతాయి. శ్రోతలను వారం వారం లెక్కించే ఏర్పాటు ఎన్నో ఏళ్ల పాటు ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతాలకే పరిమితమైంది; హైదరాబాదుకే ఆ భాగ్యం దక్కలేదు, ఇక కాకినాడ మాట చెప్పేదేముంది? మా దగ్గర లెక్క వేరు. ఆషాఢం డిస్కౌంట్లకు, శ్రావణమాసం పెళ్లిళ్లకు, ధన త్రయోదశికి, జూన్‌లో కాలేజీ అడ్మిషన్లకు ప్రకటన ఇచ్చిన యజమాని మర్నాడు కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని, వచ్చిన వాళ్లను ‘ఎక్కడ విన్నారండీ’ అని అడుగుతాడు. ముగ్గురు రేడియో పేరు చెబితే మళ్లీ ఇస్తాడు. ఒక్కరూ చెప్పకపోతే ఆ డబ్బు ఆటో మైకుకు, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కు వెళ్లిపోతుంది.

కొన్నేళ్ల కిందట మా మెయిన్ రోడ్డులోని ఒక బట్టల దుకాణదారు కోరితే పొరుగు నగరంలోని ఒక ఎఫ్.ఎం. ఛానెల్‌లో పది రోజుల ప్రకటన బుక్ చేశాను. ఆ ప్రకటనను ఎక్కడో దూరంగా రికార్డు చేశారు. చదివిన అమ్మాయి గొంతు బాగుంది గానీ మా ఊరి ‘భానుగుడి సెంటర్’ను రెండు ముక్కలు చేసి, ఆ పేరు అంతకు ముందెన్నడూ విననట్టు పలికింది. దుకాణదారు నన్ను కోప్పడలేదు. ‘మన ఊరు తెలియనివాళ్లు మన కొట్టు గురించి చెబితే ఎవరు నమ్ముతారండీ?’ అని మాత్రం అన్నారు. మధ్య తరహా నగరంలో రేడియో ఎలా నడుస్తుందో, ఎలా దెబ్బతింటుందో నాకు నేర్పిన మాట అది.

ఇక ఏ ఫార్మాట్లు మా ఊళ్లో బతుకుతాయో నా అనుభవం మేరకు చెబుతాను. కొత్త సినిమా పాటలు, మధ్యలో గలగలా మాట్లాడే ఆర్జే అన్న పద్ధతికి కాలేజీ పిల్లలు, ఆటో డ్రైవర్లు, సెల్‌ఫోన్ షాపుల కుర్రాళ్లు ఉన్నంతకాలం గిరాకీ ఉంటుంది. కాని పాట ఇప్పుడు అరుదైన సరుకు కాదు, జేబులోని ఫోన్లో ఉంది. అందుకే ఈ ఫార్మాట్ ఒక ఛానెల్‌ను సుఖంగా, రెండో ఛానెల్‌ను కష్టంగా పోషిస్తుంది. మూడోది వస్తే ముగ్గురూ రేట్లు తగ్గించుకుని కొట్టుకుంటారు.

రెండోది పాత పాటలు. దీన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. టిఫిన్ హోటల్లో, టైలరు దుకాణంలో, కిరాణా కొట్లో, మెకానిక్ షెడ్డులో పొద్దుట పెట్టిన రేడియోను రాత్రి షట్టరు దించేదాకా ఎవరూ మార్చరు. అక్కడికి కావలసింది ఘంటసాల, సుశీల, బాలసుబ్రహ్మణ్యం గొంతులు. వినేవాళ్ల వయసు నలభై దాటి ఉంటుంది. ఇంట్లో బంగారం ఎప్పుడు కొనాలో, మోకాళ్ల నొప్పికి ఏ ఆసుపత్రికి వెళ్లాలో నిర్ణయించేది వాళ్లే కాబట్టి నగల వ్యాపారులకు, ఆసుపత్రులకు ఇంతకు మించిన శ్రోతలు దొరకరు. తెల్లవారుజామున భక్తి గీతాలను కూడా ఈ ఛానెల్‌లోనే కలపవచ్చు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజనితో పెరిగిన ఇళ్లలో ఆ వేళకు రేడియో పెట్టే అలవాటు ఇంకా పూర్తిగా చావలేదు. పైగా సామర్లకోట, ద్రాక్షారామం, అన్నవరం చుట్టూ ఉన్న ప్రాంతం మాది, కార్తీకమాసం నెలంతా ఆ ఒక్క గంటకే స్పాన్సర్లు వరుస కడతారు. రోజంతా భక్తి మాత్రమే వినిపించే ఛానెల్ మాత్రం ఈ ఊరి ఆదాయంతో నడవదు. హిందీ పాటల ఛానెల్ గాని, ఇంగ్లీషు పాటల ఛానెల్ గాని ఇక్కడ ఆరు నెలలు ఆగదు. వాటి మీద ఇంతకంటే రాయడం అనవసరం.

మూడోది ఊరి కబుర్లు, ఊరి సమాచారం. ఈ ఫార్మాట్ గురించే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

మాది రేవు పట్టణం. కుంభాభిషేకం రేవు నుంచి ఉప్పాడ దాకా వేటే ఆధారంగా బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ తరువాత ఏ రోజు సముద్రం మీదికి వెళ్లవచ్చు, రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు, చేపల ధర ఎలా ఉందన్నవి వాళ్లకు పాటల కంటే ముఖ్యం. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, అందులో ఎందరో వేటకు వెళ్లినవారు. జె.ఎన్.టి.యు. ఫలితాలు, రంగరాయ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఓ.పి. వేళలు, జగన్నాథపురం వంతెన మీద ట్రాఫిక్, సర్పవరం జంక్షన్‌లో వాన నీరు, ఉద్యోగ ప్రకటనలు కూడా ఈ కోవలోనివే. వీటిని గోదావరి జిల్లా మాటతీరు తెలిసిన మనిషి, ‘అండీ’, ‘ఆయ్’ అని పలకడానికి సిగ్గుపడని మనిషి చెబితే, ఊరు చెవి ఒగ్గి వింటుంది.

ఈ సమాచారంలో కొంత భాగానికి ప్రైవేటు ఎఫ్.ఎం. లైసెన్సుల మూడో దశ విధానం ఇప్పటికే అవకాశం ఇచ్చిందని నాకు తెలుసు. ట్రాఫిక్, వాతావరణం, క్రీడలు, సాంస్కృతిక కార్యక్రమాలు, పరీక్షలు, ఫలితాలు, ఉద్యోగావకాశాలు, స్థానిక అధికారులు ఇచ్చే కరెంటు, మంచినీటి, విపత్తు ప్రకటనలు వార్తల కిందికి రావని ఆ విధానం చెబుతోంది. వార్తల విషయంలో మాత్రం ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నది ఉన్నట్టు తిరిగి వినిపించడమే ప్రైవేటు ఛానెల్‌కు ఉన్న హక్కు. దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. రేపు మా వీధిలో నాలుగు గంటలు కరెంటు ఉండదని ఆర్జే చెప్పవచ్చు. ప్రతి వారం ఎందుకు పోతోందని అడిగితే అది వార్త అవుతుంది. నగరపాలక సంస్థ నీళ్లు వదిలే వేళలు చదవవచ్చు, ఆ సంస్థ నిన్నటి సమావేశంలో నీటి పన్ను మీద ఏమి తీర్మానించిందో మాత్రం చెప్పకూడదు. సగం మాట దగ్గర ఆగిపోయే ఛానెల్‌ను సమాచారం కోసం ఎవరూ పెట్టుకోరు. అందుకే ఈ ఫార్మాట్ జోలికి ఎవరూ పోరు.

టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరు 5న ఇచ్చిన సిఫార్సుల్లో, ప్రైవేటు ఎఫ్.ఎం. ఛానెళ్లకు గంటకు పది నిమిషాలకు మించకుండా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేసే అనుమతి ఇవ్వాలని చెప్పింది. ఆ సిఫార్సును అమలు చేయమని కోరుతున్నాను. అన్ని నగరాలకూ ఒకేసారి ఇవ్వడానికి సందేహం ఉంటే, మార్కెట్ చిన్నదైన ఈ 234 పట్టణాలతో మొదలుపెట్టండి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తేల్చి చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. ప్రజల ఆస్తి మీద పాట మోగవచ్చు గాని వార్త మోగకూడదనడానికి కారణం ఏమిటో నాకు ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు.

స్థానిక వార్త స్థానిక ప్రకటనను ఎలా వెంట తెస్తుందో తెలుసుకోవడానికి తెలుగువాళ్లు విదేశాల వైపు చూడనవసరం లేదు. 1989 ప్రాంతంలో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, రాష్ట్రమంతటికీ ప్రకటన ఇచ్చే స్తోమత లేని మండల కేంద్రపు దుకాణదారు కూడా తన జిల్లా పేజీలో చిన్న పెట్టె కొనుక్కోగలిగాడు. మా ఊరి పేరు పేపర్లో వచ్చిందని చదివే వాళ్లు పెరిగారు, ఆ చదివే వాళ్ల కోసం ప్రకటనలు వచ్చాయి. మిగతా పత్రికలు అదే దారి పట్టాయి. నా వృత్తి పుట్టింది ఆ పేజీల్లోనే. రేడియోకు ఆ దారి మూసి ఉంచి, చిన్న ఊళ్లలో రేడియో ఎందుకు లాభసాటి కాదని అడగడం న్యాయం కాదు.

ఇంకో విషయం. వార్తలకు అనుమతి ఇచ్చినా నలుగురు యజమానులూ పాటల వెంటే పడే అవకాశం ఉంది. ఊహకు ఒక లెక్క వేద్దాం. వంద మంది శ్రోతల్లో అరవై మందికి కొత్త పాటలు, పాతిక మందికి పాత పాటలు, పదిహేను మందికి ఊరి కబుర్లు కావాలనుకుందాం. ముగ్గురు యజమానులు కొత్త పాటలు పంచుకుంటే ఒక్కొక్కరికి ఇరవై మంది వస్తారు, నాలుగో వ్యక్తి పాత పాటలతో పాతిక మందిని తీసుకుంటాడు, పదిహేను మంది కోసం ఇరవై మందిని వదులుకునేవాడు ఎవడూ ఉండడు. అదే ఆ ముగ్గురిలో ఒకరి చేతిలో రెండు ఛానెళ్లు ఉంటే లెక్క మారుతుంది. రెండింటినీ కొత్త పాటలకు పెడితే అతనికి నలభై మంది. ఒకదాన్ని ఊరి కబుర్లకు మళ్లిస్తే, కొత్త పాటల్లో ముప్ఫై, కబుర్లలో పదిహేను కలిపి నలభై ఐదు మంది. ఇప్పటి నిబంధన ప్రకారం ఒక నగరంలో ఒకే సంస్థ 40 శాతానికి మించి ఛానెళ్లు ఉంచుకోకూడదు. నాలుగు ఛానెళ్ల నగరాల్లో ఒకే సంస్థకు రెండు ఛానెళ్లు ఉండనివ్వమని అడగాలా వద్దా అని నేను చాలా రోజులు తటపటాయించాను. వార్తలు చెప్పే ఛానెళ్లు రెండు ఒకరి చేతిలో ఉండడం మంచిది కాదు. అందువల్ల రెండు ఛానెళ్లున్న సంస్థ ఒకదానిలోనే వార్తలు చెప్పాలన్న షరతుతో ఉండనివ్వవచ్చని నా అభిప్రాయం. ఇంతకంటే మేలైన ఉపాయం మీ అధికారుల దగ్గర ఉంటే సంతోషమే.

ఏ ఛానెల్ ఏ ఫార్మాట్ పాటించాలో లైసెన్సులో రాయమని మాత్రం నేను కోరడం లేదు. దాన్ని ఊరే తేలుస్తుంది. కాని ఆ ఊరి పేరుతో లైసెన్సు తీసుకున్న సంస్థ ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లోనైనా ఆ ఊళ్లో కూర్చున్న మనిషి చేత మాట్లాడించాలన్న షరతు అవసరం. సంస్థలు తమ కేంద్రాల మధ్య ఒకే కార్యక్రమాన్ని పంచుకునే వెసులుబాటు ఖర్చు తగ్గించే మాట నిజమే, మధ్యాహ్నాలకూ రాత్రులకూ అది సరిపోతుంది. తుపాను హెచ్చరిక ఉన్న రాత్రి కాకినాడ ఛానెల్‌లో వేరే నగరం నుంచి రికార్డు చేసిన జోకులు వినిపించకూడదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో, మైకు ముందు ఆ ఊరి మనిషే ఉండడం ఎంత సాధ్యమో చూపించింది. వ్యాపార ఛానెళ్లకు అంతకంటే ఎక్కువ సాధనాలు ఉన్నాయి.

చివరగా రెండు చిన్న విషయాలు. ఫోన్లలో ఎఫ్.ఎం. రిసీవర్‌ను పని చేయించాలని 2023లో కేంద్ర ఐ.టి. శాఖ తయారీదారులకు సూచించింది. మా మార్కెట్‌లో అమ్ముడవుతున్న ఎన్నో ఫోన్లలో అది ఇంకా కనిపించడం లేదు, కాబట్టి సూచనను నిబంధనగా మార్చడానికి ఆ శాఖతో మాట్లాడండి. అలాగే 2023 అక్టోబరులో మీ శాఖ ప్రభుత్వ ప్రకటనల మూల ధరను పది సెకన్లకు 52 రూపాయల నుంచి 74 రూపాయలకు పెంచింది. కొత్త పట్టణాల్లో శ్రోతల లెక్కలు లేవన్న కారణంతో ఆ ధరలో కోత పడకుండా, మొదటి మూడేళ్లు పట్టణ జనాభానే కొలమానంగా తీసుకోవలసిందిగా కోరుతున్నాను.

గంటకు పది నిమిషాల వార్తల సిఫార్సుపై మీ శాఖ నిర్ణయం ఏమిటో, కాదనుకుంటే ఏ కారణంతో కాదనుకుంటున్నదో లిఖితపూర్వకంగా ప్రకటించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
కాకినాడకు చెందిన ఒక ప్రకటనల ఏజెన్సీ నిర్వాహకుడు