పాత రిజిస్టర్ మూయకుండా కంప్యూటర్ తెస్తే ఎలా?

సంపాదకులకు,

ఆఫీసులో మార్పు అంటే కొత్త సాఫ్ట్‌వేర్ తేవడమే అనుకుంటున్నారు. హైదరాబాద్‌లోనే ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరి, 29 ఏళ్ల తర్వాత సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. మాకు కంప్యూటర్లు వచ్చాయి కానీ వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వార్డు రిజిస్టర్ పోలేదు. పొద్దున అందులో రాసిందే మధ్యాహ్నం కంప్యూటర్‌లో ఎక్కించేవాళ్లం. ఆడిట్‌కు కాగితం కావాలి, పై ఆఫీసుకు ఆన్‌లైన్‌లో కావాలి. రెండింటి నంబర్లు కలవక ఒకావిడ ఫ్యామిలీ పెన్షన్ ఫైలు నాలుగు నెలలు నా బల్ల మీదే ఉండిపోయింది. భర్త పోయిన మనిషి. ఆమె మెట్లెక్కి వచ్చిన ప్రతిసారీ తలెత్తి చూడటానికి నాకు మొహం చెల్లేది కాదు.

ఇదే హైదరాబాద్‌లో 2001లో ఈసేవ మొదలైంది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఆస్తి పన్ను ఒకే కౌంటర్‌లో కట్టేవాళ్లం. ఏ శాఖనూ రద్దు చేయలేదు, వాటి చుట్టూ జనం తిరిగే తిప్పలు తప్పించారు. అంతకుముందు బిల్లుల కోసం నేనే సగం రోజు సెలవు పెట్టేవాణ్ణి.

కొత్త పద్ధతి తెచ్చే ప్రతి ఉత్తర్వులో ఏ రిజిస్టర్, ఏ సంతకం ఏ తేదీ నుంచి ఆగిపోతుందో కూడా రాయాలి. ఆ ముసాయిదాను ముందుగా సీట్లో కూర్చునే గుమాస్తాకు చూపించాలి.

– ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్, మల్కాజిగిరి, హైదరాబాద్