రోలర్‌తో బొమ్మలేసిన పెద్దాయన

ఎడిసన్, న్యూజెర్సీ
2014 డిసెంబర్ 14, ఆదివారం

ఒరేయ్ సుబ్బూ,

ఇదంతా ఫోన్లోనే చెబుదామనుకున్నా. కానీ నీతో ఫోన్ అంటే తెలిసిందేగా, మాట మొదలెట్టగానే ఎవడో వచ్చి "అన్నా, నాలుగు లీటర్ల ఎమల్షన్" అని అరుస్తాడు, నువ్వు "ఒక్క నిమిషం రా" అని ఫోన్ కౌంటర్ మీద పడేసి పోతావు, నేనిక్కడ పావుగంట మీ రంగుల షాపు ఫ్యాను చప్పుడు వింటూ కూర్చోవాలి. రాజధాని మీ పక్కనే అన్నాక గిరాకీ ఇంకా పెరిగిందట కదా. అందుకే ఉత్తరం. రాత్రి షట్టర్ దించాక తీరిగ్గా చదువుకో.

నిన్న సాయంత్రం న్యూయార్క్‌లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియానికి వెళ్లాను. శనివారం అయిదుముక్కాలు నుంచి ఏడుముక్కాలు దాకా అక్కడ టికెట్ ధర అంటూ లేదు, ఎవరికి తోచినంత వాళ్లు ఇచ్చి లోపలికి పోవచ్చు. నేనెంత ఇచ్చానని అడగకు. మీ చెల్లెలు అడిగితే కూడా చెప్పలేదు. తను రాలేదులే, "పోయినసారి నల్ల చదరం ముందు అరగంట నిలబెట్టావు, నా వల్ల కాదు" అంది. సరే, రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగి, రెండు సబ్‌వేలు మారి, 86వ వీధి దగ్గర పైకొచ్చి, చలిలో ముక్కు ఎర్రగా చేసుకుని వెళ్లాను. ఆ బిల్డింగ్ ఫోటో నువ్వు చూసే ఉంటావు, తెల్లగా, గుండ్రంగా, బోర్లించిన గంగాళంలా ఉంటుంది. లోపల మెట్లు లేకుండా ర్యాంప్ చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. ఆ ర్యాంప్ మీద జీరో గ్రూప్ అని జర్మనీ కళాకారుల బృందం ఎగ్జిబిషన్ ఉంది, జనమంతా అక్కడే. నేను చూడ్డానికి వెళ్లినాయన బొమ్మలు పక్క గదుల్లో ఉన్నాయి. ఆయన బతికున్నా పక్క గదులే అడిగేవాడేమో, అలాంటి మనిషి.

పేరు వాసుదేవ్ సంతు గైతోండే. 1924లో నాగపూర్‌లో పుట్టాడు, గోవా కుటుంబం. బొంబాయిలో గిర్గావ్ చాళ్‌లో, అదే ఇరుకు గదుల వరస ఇళ్లలో పెరిగి, జేజే ఆర్ట్ స్కూల్లో చదివి 1948లో డిప్లొమా తీసుకున్నాడు. హుస్సేన్, రజా లాంటి బొంబాయి చిత్రకారుల ప్రోగ్రెసివ్ గ్రూపులోకి ఈయన్నీ పిలిచారు. హుస్సేన్ గుర్రాలు మన ఊళ్లో కూడా తెలుసు. గైతోండే పేరు నేనే ముప్ఫయ్యేళ్లు దాటాక విన్నాను. అదీ ఎలాగో తెలుసా, డబ్బు వల్ల. పోయినేడు డిసెంబర్‌లో క్రిస్టీస్ వాళ్లు బొంబాయిలో మొదటిసారి వేలం పెడితే ఈయన 1979లో వేసిన బొమ్మ ఒకటి 23.7 కోట్లకి పోయింది. పేపర్లో అది చదివి "అబ్బో" అనుకున్నాను, అంతే. నిన్న ఆ గదుల్లో తిరుగుతుంటే ఆ అంకె గుర్తొచ్చి నామీద నాకే సిగ్గేసింది. ఎందుకంటే ఆ మనిషి ఢిల్లీ నిజాముద్దీన్‌లో మేడమీద చిన్న గదిలో ఒంటరిగా బతికాడు, పెళ్లి చేసుకోలేదు, ఏడాదికి అయిదో ఆరో బొమ్మలు వేసేవాడు. 2001లో పోయాడు.

ఏడాదికి అయిదారు! నువ్వు వారానికి మూడు ఇళ్లు పూర్తి చేస్తావు.

నవ్వకు, ఇక్కడే నువ్వు పక్కనుంటే బాగుండేదనిపించింది. ఈయన బ్రష్ దాదాపు పక్కన పెట్టేశాడు. రోలర్‌తో వేసేవాడు. మనం గోడలకి వాడే రోలరే అనుకో. ఇంకా కత్తి, అదే పెయింటింగ్ నైఫ్, నీ లప్పం బ్లేడుకి తమ్ముడి లాంటిది. రంగు పూయడం, గీకడం, మళ్లీ పల్చగా పూయడం. నేను ఒక పసుపుపచ్చ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను, నిలువుగా నా ఎత్తుకి దగ్గర దగ్గరగా ఉంది. దూరం నుంచి చూస్తే ఒట్టి పసుపు. నాలుగడుగులు ముందుకేస్తే పసుపు కింద ఆకుపచ్చ కదులుతోంది, ఇంకో అడుగేస్తే దాని కింద మట్టిరంగు. చెరువులో పాచి పక్కకి తోస్తే కింద నీళ్లు కనపడతాయి చూడు, అలా. మధ్యలో అడ్డంగా కొన్ని గుర్తులు తేలుతున్నాయి, అక్షరాల్లా ఉన్నాయి గానీ ఏ భాషవీ కావు. ముక్కు తగిలేంత దగ్గరికి పోయాను కాబోలు, వెనకనుంచి గార్డు గొంతు సవరించుకున్నాడు. తప్పు నాదే.

ఆ గుర్తులు ఎలా చేశాడో తెలుసా? పేపర్లోంచో మ్యాగజైన్లోంచో కాగితం ముక్కలు కత్తిరించి, తడి రంగు మీద అద్ది, లేపేసేవాడట. కాగితంతో పాటు కొంత రంగు వచ్చేస్తుంది, మిగిలిన చోట అచ్చు పడుతుంది.

ఇది చదవగానే నీకు గుర్తొచ్చి ఉండాలి. టెన్త్ సెలవుల్లో మీ నడిమింటి తలుపుకి మనిద్దరం ఆయిల్ పెయింట్ వేసి, ఆరకముందే నేను దానికి ఆంధ్రప్రభ ఆదివారం పేజీ ఆనించాను, అది అతుక్కుపోయింది, పీకితే రంగంతా లేచొచ్చి తలుపు మీద తిరగబడ్డ అక్షరాలు మిగిలాయి. బాబాయ్ ఆ రోజు నిన్నే కొట్టాడు, నన్ను కొట్టలేదు, పొరుగింటి పిల్లాడినని. అదే పనిని ఈ పెద్దాయన కావాలని, జాగ్రత్తగా, ఎక్కడ ఎంత లేపాలో లెక్క చూసుకుని చేశాడు. మనం చేసిందాన్ని కళ అనట్లేదు రా, కంగారుపడకు. కానీ ఆ గదిలో ఉన్న వాళ్లలో చాలామందికి ఆ రంగు ఎలా లేచిందో చేతికి తెలియదు. నాకు ఆ ఒక్కసారి వల్ల కొంచెం తెలుసు. నీకు పూర్తిగా తెలుసు. నా పక్కన ఇద్దరు "శూన్యం, జెన్, మౌనం" అని తెగ మాట్లాడుకుంటున్నారు. నువ్వుంటే "ఇక్కడ కింది కోటు ఆరకముందే రెండోది పూశాడు, చూడు" అనేవాడివి. నాకా మాట కావాలి.

జెన్ సంగతి అబద్ధం కాదులే. ఆయన నిజంగానే జెన్, అంటే ధ్యానం మీద నడిచే ఆ బౌద్ధ మార్గం గురించి చదివాడు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, అరుణాచలం రమణ మహర్షి మాటలన్నా ఆయనకి గురి. బొమ్మ వేయడం కంటే వేయకుండా కూర్చుని ఆలోచించడమే ఎక్కువట. "అబ్‌స్ట్రాక్ట్" అనే మాట కూడా ఒప్పుకునేవాడు కాదు, తనది "నాన్ ఆబ్జెక్టివ్" అనేవాడు. ఈ తేడా నాకు నిన్న కాస్త అర్థమైంది. అబ్‌స్ట్రాక్ట్ అంటే చెట్టునో మనిషినో చూసి, దాన్ని పిండి పిండి చివరికి ఆకారం పోగొట్టడం. ఈయన అసలు చెట్టు దగ్గర మొదలెట్టడు. రంగు దగ్గరే మొదలు, రంగు దగ్గరే ఆఖరు. కొండో సముద్రమో వెతికితే దొరకదు. నేను వెతికాను, దొరికినట్టే ఉంటుంది, మళ్లీ జారిపోతుంది.

మొదటి నుంచీ ఇలాగే కాదు. మొదటి గదిలో 1950ల నాటివి ఉన్నాయి, చిన్న చిన్నవి, వాటిలో మనుషులూ ఆకారాలూ కనపడతాయి, యూరప్ చిత్రకారుడు పాల్ క్లే ప్రభావం అంటారు. ముద్దుగా ఉన్నాయి గానీ, నిజం చెప్పాలంటే, వాటిని ఇంకెవరైనా వేసి ఉండొచ్చు. 60ల్లోకి వచ్చేసరికి ఆకారాలన్నీ రంగులో కరిగిపోయాయి. 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద ఇదే న్యూయార్క్ వచ్చి చెల్సీ హోటల్లో ఉన్నాడు. ఒట్టి రంగుల పొరలతోనే పెద్ద బొమ్మలు వేసిన అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కో స్టూడియోకి వెళ్లాడంటారు. అందుకని ఇక్కడి వాళ్లు వెంటనే "ఇండియన్ రోత్కో" అనేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆయన న్యూయార్క్ రాకముందే, 1963లోనే, ఇక్కడి మోమా మ్యూజియం ఆయన బొమ్మ ఒకటి సేకరణలో చేర్చుకుంది. అంటే రోత్కోని చూసి నేర్చుకుని వేసింది కాదు కదా! మన రుచికి వాళ్ల కూర పేరు పెట్టడం ఎందుకో.

ఇక నన్ను బాగా పట్టేసిన గోడ గురించి చెప్తాను. 1984లో ఢిల్లీలో ఆయన ఎక్కిన ఆటోకి యాక్సిడెంట్ అయింది. దెబ్బలు గట్టివే. పెద్ద కాన్వాసులు వేసే ఓపిక పోయింది, అయిదేళ్ల పాటు కాన్వాస్ జోలికి వెళ్లలేదు. ఆ మధ్యలో చిన్న కాగితాల మీద ఇంకుతో వేసినవి ఒక గోడకి ఉన్నాయి. రంగు లేదు. నల్ల గీతలు, చుక్కలు, ఎవరో చీకట్లో తడుముకుంటూ సంతకం చేసినట్టు. ఒక కాగితం మీద పైన నాలుగు గీతలు, కింద ఒకటి, మధ్యంతా ఖాళీ. ఆ ఖాళీని నేను ఎంతసేపు చూశానో తెలీదు. బాబాయ్‌కి పక్షవాతం వచ్చాక ఎడమ చేత్తో సినిమా బోర్డు రాయాలని పలక మీద అ ఆలు దిద్దాడు చూడు, అది గుర్తొచ్చి గొంతు పట్టేసింది. ఇంతకంటే రాయను.

తర్వాత ఆయన మళ్లీ కాన్వాస్ దగ్గరికి వచ్చాడు. 90ల నాటివి చివరి గదిలో ఉన్నాయి. నిన్నైతే నాకు వాటికి టైము చాలలేదు, ఏడున్నరకే లైట్లు తగ్గించినట్టు అనిపించి కంగారుగా చూశాను, మళ్లీ వెళ్లాలి. ఫిబ్రవరి 11 దాకా ఉంటుంది.

ఇంకోటి. మొత్తం 45 బొమ్మలు, మూడు ఖండాల్లో 30 చోట్ల నుంచి తెప్పించారు. ఇన్నింటిని ఒక్కచోటికి చేర్చి మ్యూజియంలో చూపించడం ఇదే మొదటిసారట, అదీ ఆయన పోయిన పదమూడేళ్లకి, అదీ న్యూయార్క్‌లో. బొమ్మల కింద చీటీల మీద చాలా వాటికి "అన్‌టైటిల్డ్" అనే ఉంది. పేరు పెట్టడు, సంతకం కూడా కాన్వాస్ వెనకాలే. బాబాయ్ ఎంత చిన్న బోర్డు రాసినా కింద మూలన "సుబ్రహ్మణ్యం ఆర్ట్స్, తెనాలి" అని బోర్డులో అక్షరాలకంటే అందంగా రాసుకునేవాడు. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే గంటలో పోట్లాడుకునేవాళ్లు. లేదా ఎవరూ మాట్లాడకుండా టీ తాగేవాళ్లేమో.

సంక్రాంతికి రావట్లేదు రా, లీవు ఇవ్వలేదు. వేసవికి చూద్దాం. నువ్వు నాకో పని చేసిపెట్టు. నడిమింటి తలుపు ఇంకా ఉందా, మార్చేశారా? ఉంటే, పై కోట్లు ఒక మూల ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది చూడు, మన ఆంధ్రప్రభ అక్షరాలు కింద మిగిలాయేమో. పిన్ని చూడకుండా రుద్దు. కనపడితే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, లైటు పక్కనుంచి పడేలా తియ్యి, ఎదురుగా ఫ్లాష్ వేస్తే ఏమీ తెలీదు.

ఉంటాను,
నీ ప్రసాద్