కొల్హాపూర్‌తో కథ అయిపోలేదు

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ శరణార్థులకు మన రాజులు నీడనిచ్చిన సంగతి మన పత్రికల్లో మధ్యమధ్య వస్తూనే ఉంటుంది. 2024 ఆగస్టులో ప్రధాని వార్సా వెళ్లి జామ్‌నగర్ రాజు జామ్ సాహెబ్ స్మారకం దగ్గర, కొల్హాపూర్ స్మారకం దగ్గర పూలు ఉంచినప్పుడైతే ఏ పత్రిక తెరిచినా అదే. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ మనం అన్నం పెట్టాం, వాళ్లు మర్చిపోలేదు అన్న దగ్గరే ప్రతిసారీ ఆపేస్తారు. ఆ తర్వాత వాళ్లు ఎటు పోయారో, ఎలా బతికారో ఎవరూ రాయరు. నిజానికి అసలు కష్టాలు చాలామందికి అక్కడి నుంచే ఇంకో విడత మొదలయ్యాయి.

నేనుండేది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో. మా వీధిలో ఉండే ఒకావిడ తల్లి చిన్నప్పుడు కొల్హాపూర్ పక్కన వలివడే క్యాంపులో పెరిగిందట. ఆ తల్లి ఇప్పుడు లేదు, ఉన్నప్పుడూ ఆ రోజుల గురించి నోరు విప్పేది కాదట. నేను ఇండియావాణ్ని కదా, "మీ దేశంలో మా అమ్మ పేరు ఎక్కడైనా రాసి ఉంటుందా?" అని అడిగింది. వెతకడంలో సాయం చేస్తానని ఒప్పుకున్నాను, ఈ ఉత్తరం అందుకే.

వాళ్లు వచ్చిన దారి ముందు చెప్పాలి. 1939 సెప్టెంబరు 17న సోవియట్ సైన్యం తూర్పు పోలండ్‌లోకి దిగింది. 1940 ఫిబ్రవరి నుంచి కుటుంబాలకు కుటుంబాలను గూడ్సు పెట్టెల్లో ఎక్కించి సైబీరియాకీ కజకిస్తాన్‌కీ పంపేశారు. 1941లో హిట్లర్ రష్యా మీద పడ్డాక స్టాలిన్ వీళ్లను వదలక తప్పలేదు, పోలండ్ జనరల్ ఆండర్స్ కూడగట్టిన సైన్యంతో కలిపి 1942లో లక్షకు పైగా జనం, ఎక్కువమంది కాస్పియన్ సముద్రం దాటి, ఇరాన్ చేరారు. వాళ్లలో కొందరు మన దగ్గరికి వచ్చారు: పిల్లలు జామ్‌నగర్ దగ్గర బాలాచడీకి, 1943 నుంచి దాదాపు 5 వేల మంది వలివడేకి. యుద్ధం ముగిసింది గానీ ఇంటికి పోదామంటే వాళ్ల ఊళ్లు సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. 1948లో వలివడే మూసేశారు. సైన్యంలో మనుషులున్న కుటుంబాలు బ్రిటన్ వెళ్లాయి, ఎవరూ లేనివాళ్లలో చాలామందిని తూర్పు ఆఫ్రికా క్యాంపులకు పంపారు. అక్కడి నుంచి 1950 ఫిబ్రవరిలో జనరల్ లాంగ్‌ఫిట్ అనే ఓడ వెయ్యి మందికి పైగా పోలండ్ వాళ్లను మొంబాసాలో ఎక్కించుకుని ఇక్కడ ఫ్రీమాంటిల్‌లో దింపింది. నార్థమ్ అనే ఊళ్లో క్యాంపు, ఆ తర్వాత రెండేళ్లు ప్రభుత్వం చూపించిన పని చేయాలని ఒప్పందం.

ఆవిడ తల్లి కూడా ఆ ఓడలోనే వచ్చింది. ఆస్ట్రేలియా నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఇంట్లో కూర్చునే పేరు కొట్టి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఫైలు దొరికింది. జడలు వేసుకుని, కెమెరా వైపు కాస్త కోపంగా చూస్తున్న పంతొమ్మిదేళ్ల పిల్ల ఫోటో, కింద సంతకం, పుట్టిన ఊరు, ఆఫ్రికాలో ఉన్న క్యాంపు పేరు. మన దేశం సంగతికొస్తే "ఇండియా, 1943–48" అని ఒక్క ముక్క. ఆ పిల్ల పెరిగి పెద్దదైన ఐదేళ్లు అంతే!

ఇలా వెతికేవాళ్లకు ఒక మాట. చాలామంది తిన్నగా జర్మనీలోని బాద్ ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌కి రాస్తారు. అక్కడ కోటీ 75 లక్షల మందికి సంబంధించిన కాగితాలున్నాయి, ఉచితంగా వెతికిపెడతారు కూడా, కానీ అది ముఖ్యంగా నాజీలు పట్టుకుపోయినవాళ్లకూ యుద్ధం తర్వాత జర్మనీ క్యాంపుల్లో ఉన్నవాళ్లకూ పనికొచ్చే చోటు. సైబీరియా మీదుగా వచ్చినవాళ్లకు పోలండ్‌లోనే సోవియట్ ప్రభుత్వం చేతిలో బాధలు పడ్డవాళ్ల పేర్ల జాబితా ఉంది, ముందు అది చూడాలి. పేర్లతో ఇంకో తలనొప్పి: తండ్రి ఇంటిపేరు చివర "స్కీ" అంటే కూతురికి "స్కా", ఆఫ్రికాలో ఒక స్పెల్లింగ్, ఇక్కడ ఇంకోటి. ఊళ్లదీ ఇదే గోల, అప్పటి స్టానిస్వావూఫ్ 1962 నుంచి ఇవానో ఫ్రాంకివ్‌స్క్, ఇప్పుడున్నది ఉక్రెయిన్‌లో.

ఇక మన దగ్గర. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో పోలండ్ శరణార్థుల మీద అప్పటి ప్రభుత్వ ఫైళ్లున్నాయి, ఆ ఆర్కైవ్స్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ అభిలేఖ్ పటల్‌లో వాటి శీర్షికలూ కనిపిస్తాయి. కానీ శీర్షిక చూసి మనిషిని ఎలా పట్టుకుంటాం? ఏ ఫైల్లో ఎవరి పేరుందో తెలియాలంటే పేజీ పేజీ తిరగేయాల్సిందే. బాలాచడీలో ఎంతమంది పిల్లలున్నారో చూడండి, ఒక పత్రికలో 640, ఇంకోదాంట్లో వెయ్యి. పేర్ల పట్టిక అందరి ముందూ ఉంటే ఈ లెక్కల తేడా ఎందుకొస్తుంది?

ఆ వార్సా పర్యటనలోనే జామ్ సాహెబ్ పేరు మీద యువత పరస్పర పర్యటనల పథకం ప్రకటించారు, ఏటా 20 మంది పోలండ్ యువతీయువకులు మన దేశానికి వచ్చేలా. వాళ్లను కోటలూ తాజ్‌మహలూ చూపించి పంపేయకుండా, మన విద్యార్థులతో కలిపి ఒక నెల ఆ ఫైళ్ల ముందు కూర్చోబెట్టి పేర్ల పట్టిక తయారుచేయిస్తే పోయేదేముంది? పోలిష్ పేర్లు చదవగలిగేది వాళ్లే. కొల్హాపూర్, జామ్‌నగర్ పాత దస్తావేజులు ఎక్కడున్నా వాటినీ దీంట్లో కలపొచ్చు. మీ ఢిల్లీ విలేకరి ఒకసారి ఆర్కైవ్స్‌కి వెళ్లి, ఇలాంటి ఆలోచన ఉందా లేదా అని అడిగి రాస్తే బాగుంటుంది. మా వీధిలో ఆవిడకి ఏం చెప్పాలో నాకూ తెలుస్తుంది.

– మీ పాఠకుడు, పెర్త్ (సొంతూరు తణుకు)