డబ్బా మీద 5,000 వాట్లు, లోపల 48

సంపాదకులు గారికి,

హోమ్ థియేటర్ డబ్బాల మీద ‘5,000 వాట్స్ పీఎంపీఓ’ అని బారెడు అక్షరాలుంటాయి. పీఎంపీఓ అంటే క్షణకాలం వస్తుందని చెప్పుకునే గరిష్ఠ పవర్. అదే సెట్టు వెనక ప్లేటు మీద, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘పవర్ కన్సంప్షన్ 60 వాట్స్’ అని ఉంటుంది. ప్లగ్గులోంచి 60 లాగే సెట్టు స్పీకర్లకి 5,000 ఎక్కణ్నుంచి తెచ్చిస్తుంది? మూత తీస్తే కనిపించేది 12-0-12, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్. అంటే రెండు చివర్ల మధ్య 24 వోల్టులు. 24ని 2తో గుణిస్తే 48. సౌండు పెంచే ఐసీలు (చిప్‌లు) వేడిగా తినేది పోను స్పీకర్లన్నిటికీ కలిపి 30 వాట్లు అందితే గొప్ప. పీఎంపీఓకి ఒక ప్రమాణమంటూ లేదు కాబట్టి ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటున్నారు.

రిపేరుకొస్తే బాధ ఇంకో రకం. కొన్ని బోర్డుల్లో ఐసీ మీద నంబరుని ఉప్పుకాగితంతో గీకేసి పంపుతున్నారు. టార్చి వాలుగా వేసి చూస్తే గీతలు కనిపిస్తాయి, అక్షరాలు కనిపించవు. ఇక కాళ్లు లెక్కపెట్టి ఊహించుకోవాల్సిందే. టీడీఏ7293, టీడీఏ7294 అనే యాంప్లిఫయర్ ఐసీలు రెండూ 15 కాళ్లవే, పక్కపక్కన పెడితే కవలలే. కానీ మొదటిది ప్లస్సు, మైనస్సు 60 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది, రెండోదాని హద్దు 50. బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ 7293లో 12వ కాలికి, 7294లో 14వ కాలికి పోవాలి. 55 వోల్టుల బోర్డులో పొరపాటున 7294 వేస్తే స్విచ్ వేయగానే ఠప్పుమంటుంది. తేడా వస్తే స్పీకర్‌ని విడదీసే ప్రొటెక్షన్ రిలే లేని సెట్టయితే డీసీ నేరుగా స్పీకర్లోకి దిగి వాయిస్ కాయిల్ మాడుతుంది. ఐసీతో పోవాల్సిన ఖర్చు వూఫర్ దాకా పాకుతుంది, తిట్లు మెకానిక్‌కి పడతాయి.

వ్యాపార రహస్యం అంటారు కంపెనీలవాళ్లు. పోటీ కంపెనీకి ఒక సెట్టు కొని విప్పడం ఎంతసేపు? నంబరు గీకితే ఇబ్బంది కోఠి గుజరాతీ గల్లీలో స్పేర్ల కోసం తిరిగేవాళ్లకే. డీఎస్పీలో (సౌండుని లెక్కలతో దిద్దే చిప్‌లో) చేసిన ట్యూనింగ్, సాఫ్ట్‌వేర్ వాళ్ల సొత్తు, దాన్ని ఎవరూ అడగడం లేదు. అడిగేది ట్రాన్స్‌ఫార్మర్ లేదా ఎస్‌ఎంపీఎస్ (మామూలు ట్రాన్స్‌ఫార్మర్ బదులు వాడే పవర్ సప్లై) ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు. అవుట్‌పుట్ ఐసీ నంబరు. స్పీకర్ ఎన్ని ఓంలు. బ్యాటరీ ఉంటే దాని సైజు, కెపాసిటీ. నాలుగు లైన్ల స్టిక్కరు చాలు. ఓంలు తెలియక 8 ఓంల స్పీకర్ స్థానంలో 4 ఓంలది తగిలించి ఫుల్ వాల్యూమ్ పెడితే ఐసీ మీద పడే కరెంటు రెట్టింపవుతుంది.

చిప్ పేరు బాగుంటే సౌండు బాగుంటుందని కాదు. డిజిటల్ పాటని స్పీకర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే డ్యాక్ చిప్ ఎంత ఖరీదైంది వేసినా ఫిల్టర్ కెపాసిటర్లు చాలకపోతే హమ్మింగే వినాలి. అయినా తెలియాలి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకలో ఆడియో చిప్‌లు చేసే ఏకేఎం కంపెనీ ఫ్యాక్టరీ తగలబడ్డాక డ్యాక్ చిప్‌లు దొరక్క చాలా కంపెనీలు వేరే చిప్‌లకి మారాయి. మారడం తప్పు కాదు. మోడల్ పేరు అదే ఉంచితే మాత్రం రివిజన్ నంబరైనా వేయాలి, లేకపోతే రివ్యూ ఒక సెట్టుది, ఇంటికొచ్చేది ఇంకో సెట్టు.

వాట్లు తేల్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ ఇచ్చి, స్పీకర్ బదులు పెట్టే 8 ఓంల డమ్మీ లోడు మీద, అలని తెర మీద చూపే స్కోపులో అల నెత్తి చదునవకముందు 20 వోల్టులు (అల సరాసరి బలం చెప్పే కొలత, ఆర్‌ఎంఎస్) వస్తే, 20ని 20తో గుణించి 8తో భాగిస్తే, ఆ ఛానల్ 50 వాట్లది. అమెరికాలో యాంప్లిఫయర్ల వాట్లు ఎలా కొలిచి చెప్పాలన్న నిబంధన 1974 నుంచే ఉంది. 2024లో సవరించి 8 ఓంలు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 1 శాతం లోపు డిస్టార్షన్ అని కొలత బిగించారు.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కు ఇచ్చింది. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. వారంటీ దాటిన మోడళ్ల సర్క్యూట్ డయాగ్రమ్‌లు అందులో పెట్టించాలి. అంతకంటే ముందు, ఈ పండగ సరుకు షాపుల్లోకి దిగేలోపే, డబ్బాల మీద పీఎంపీఓ అన్న మాట తీయించి, నిలకడగా వచ్చే అసలు పవర్ చెప్పే ఆర్‌ఎంఎస్ వేయించాలి.

ఇట్లు,
ఆడియో సర్వీసు మెకానిక్, హైదరాబాద్