మా షాపులో చేయించిన అమ్మ ఫోటో మీ ఇంట్లో ఉంటే, ఒకసారి దగ్గరగా చూడండి

ఈ ఉగాది నుంచి దసరా దాకా విశాఖలోని మా జగదాంబ ఫోటో షాపులో అమ్మదో, అమ్మమ్మదో, మామ్మదో పాత ఫోటో పెద్దది చేయించుకున్నవాళ్లందరికీ చెప్పాల్సిన విషయం ఇది. వాటిలో కొన్నిటిలో ఉన్నది ఆవిడ ముఖం కాదు.

పని ఎక్కువై ముఖాలు దిద్దే పని బయట ఒకరికి ఇచ్చాం. చేత్తో చేస్తున్నానని చెప్పి డబ్బు తీసుకున్నాడు. చేసిందేమో ప్రతి ఫోటోనీ యాప్‌లో వేసి మెరుగుపెట్టడం. మసక పడ్డ చోట అసలు ఏముండేదో యాప్‌కి తెలీదు. వేరే ముఖాలు చూసి నేర్చుకున్న కన్నూ పెదవీ తెచ్చి అక్కడ అతికిస్తుంది. చూడ్డానికి తళతళలాడుతుంది గానీ కన్నకూతురికి తెలిసిపోతుంది. పెందుర్తి నుంచి వచ్చినావిడ ఫ్రేము చేతిలోకి తీసుకుని, గడ్డం మీద వేలు పెట్టి "పచ్చబొట్టు ఏదండీ?" అన్నారు. అసలు ఫోటోలో మూడు చుక్కల పచ్చబొట్టు స్పష్టంగా ఉంది. యాప్ దాన్ని మరకనుకుని తుడిచేసింది.

ఆ రాత్రే మిగతావన్నీ తీసి అసలు ఫోటోలతో పోల్చాం. కమ్మల బరువుకి సాగిన చెవి తమ్మెలు గుండ్రంగా మారిపోయాయి. పళ్లు లేని బోసినవ్వులో పలువరస వచ్చింది. ముక్కుకి రెండు వైపులా ఉన్న పుడకల్లో ఒకటి మాయమైంది. పాతకాలపు నలుపు తెలుపు బ్రోమైడ్ ప్రింటు మీద సన్నటి బ్రష్షుతో చుక్క చుక్క దిద్దిన షాపు మాది. అలాంటిది మా స్టాంపు ఉన్న ఫ్రేములో వేరే మనిషిని పెట్టి ఇచ్చాం. చేసింది ఆ బయటి మనిషే అయినా, ఇచ్చేముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడకపోవడం మా తప్పే.

ఇకమీద ముఖం మా షాపులోనే, చేత్తోనే దిద్దుతాం. అందుకు మూడు రోజులు పడుతుంది. ఒక్కరోజులో ఇవ్వడం మానేయాలా అని చాలా రోజులు నలిగిపోయాం. మనిషి పోయి వారమైనా కానివాళ్లతో ఆగండి అనడం మాకు నోరు రాని మాట. పెద్దకర్మనాటికి ఫోటో ఉండాలి, దండ వేయాలి. కానీ ఆ దండ ఆవిడకే పడాలి కదా. అందుకని, మరీ తొందరైతే స్కాన్ చేసింది చేసినట్టే, మసకతోనే 8×10 అంగుళాల ప్రింటు అదే రోజు ఇస్తాం. దిద్దింది తర్వాత తీసుకోండి. ఇంకో చోట గంటలో ఇస్తున్నారన్నా సరే, ఈ మాట మారదు.

ఫోటో తెచ్చేటప్పుడు కొన్ని చూసుకోండి. ఆధార్ కార్డు వద్దు, దాని మీదది సన్నటి రంగు చుక్కల అచ్చు. పెద్దది చేస్తే ఆ చుక్కలే పెద్దవవుతాయి. పాస్‌పోర్టు ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు. అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 1650 వస్తాయి. 8×10 కి అంగుళానికి 200 దాటతాయి, 12×18 కి 140 కూడా మిగలవు, ముఖం మసకబారుతుంది. అందుకే దానికి 8×10 దాటొద్దంటాం. పైన గరుకుగా గళ్లుగళ్లుగా ఉండే పాత స్టూడియో ఫోటోని ఫోన్‌తో తీసి పంపకండి, ఆ గళ్లన్నీ మెరుస్తాయి. మేం ఒకసారి నిలువుగా, ఒకసారి తలకిందులుగా స్కాన్ చేసి రెండూ కలుపుతాం. గళ్ల నీడ చాలావరకు పోతుంది. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి, ఫోటోగా పంపితే కుదించేస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి తడిసి అద్దానికి అంటుకుపోయిన ఫోటోలు ఇప్పటికీ వస్తున్నాయి. దయచేసి లాగకండి. తడిసిన ఫోటో పైపొర జిగురై అద్దాన్ని పట్టేసుకుంటుంది, లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా తెండి, పైనుంచే స్కాన్ చేస్తాం. కొత్త ఫ్రేముల్లో అద్దానికీ ఫోటోకీ మధ్య సన్నటి అట్ట అంచు పెడుతున్నాం, మన సముద్రపు గాలికి ఆ ఖాళీ ఉండాలి.

తప్పు పోయిన ఫోటోలన్నీ ఉచితంగా మళ్లీ చేసిస్తాం, ఫ్రేముతో సహా. అసలు ఫోటో మీ దగ్గర లేకపోయినా స్కాన్ మా దగ్గర ఉంది. ప్రింటుకి ముందు రెండూ తెర మీద పక్కపక్కన పెట్టి చూపిస్తాం. చెల్లెలో, కోడలో, ఆవిడతో ఎక్కువ కాలం గడిపినవాళ్లు ఒకరు తప్పకుండా రండి. వాళ్లు ఔనన్నాకే ప్రింటు తీస్తాం.