కథకుల నెగటివ్‌లకూ ఒక గది కేటాయించండి: సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు, విజయవాడ నుంచి ఒక పాఠకురాలు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

రచయితల రాతప్రతులను, ఉత్తరాలను భద్రపరచాలన్న మాట సభల్లో అప్పుడప్పుడైనా వినిపిస్తుంది గానీ, వారిలో కొందరు తీసిన ఫొటోల ఊసు ఎవరూ ఎత్తరు. కథలు రాసే మనిషి కెమెరా పట్టుకుంటే దాన్ని సరదా కింద జమకట్టేస్తాం.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రపు కథారచయిత్రి యుడోరా వెల్టీ ఫొటోలకూ గుర్తింపు ఆలస్యంగానే వచ్చింది. 1930ల ఆర్థికమాంద్యం రోజుల్లో ప్రభుత్వ ఉపాధి సంస్థలో ప్రచార ఉద్యోగం చేస్తూ ఊరూరా తిరిగిన ఆమె, తన చుట్టూ ఉన్న పేదల బతుకును, ముఖ్యంగా నల్లజాతివారి దైనందిన జీవితాన్ని ఫొటోలు తీశారు. 1936లో న్యూయార్క్‌లో చిన్న ప్రదర్శన జరిగినా అవి పుస్తకంగా రావడానికి 1971 దాకా పట్టింది. అయితే ఆ నెగటివ్‌లు నేడు మిసిసిపీ రాష్ట్ర ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. రెండు చిన్న పుస్తకాలతోనే ప్రపంచ ప్రసిద్ధుడైన మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో కూడా వేల నెగటివ్‌లు మిగిల్చి వెళ్లారు.

మన దగ్గర ఏం జరిగిందో చెబుతాను. అజిత్‌సింగ్ నగర్‌లో నేనెరిగిన ఒక కథకుడి కుటుంబం, ఆయన క్లిక్ త్రీ కెమెరాతో తీసిన నెగటివ్‌లను ఒక సంస్థకు ఇవ్వబోతే, రాతప్రతులు మాత్రమే తీసుకుంటామని తిప్పి పంపారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఇంట్లోకి వచ్చినప్పుడు పుస్తకాలు అటక మీద ఉండి బతికాయి. మంచం కింది ట్రంకు పెట్టెలో ఉన్న నెగటివ్‌లు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీయబోతే బొమ్మ పొరలు పొరలుగా లేచి వచ్చింది. బంధువుల ఇంట ఉన్న ఒక ప్రింటు మాత్రం మిగిలింది. గుంటూరు మిర్చి యార్డులో ముక్కుకు కొంగు చుట్టుకొని తొడిమలు తీస్తున్న స్త్రీ, ఆమె వెనుక కాటా పక్కన పాత చీరతో కట్టిన ఉయ్యాల. అదే యార్డు మీద ఆయన రాసిన కథలో ఆ ఉయ్యాల లేదు. చూసినదానిలో దేన్ని రాశారో, దేన్ని వదిలేశారో తెలియాలంటే రెండూ పక్కపక్కన ఉండాలి. ఆ కథ పాత వారపత్రికల బైండ్లలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నెగటివ్‌కు రెండో ప్రతి లేదు.

వరదే రానక్కర్లేదు. పాత ఫిల్ము వెనిగర్ వాసన వేస్తోందంటే లోలోపల పాడవుతోందని గుర్తు; వేడి, తేమ ఎక్కువయ్యేకొద్దీ అది ఇంకా త్వరపడుతుంది. మన బెజవాడలో ఆ రెండింటికీ కొదవ లేదు.

కనుక బందరు రోడ్డులో చిత్రకారుడు బాపు పేరు పెట్టుకున్న మ్యూజియంలోనో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనో చల్లగా, పొడిగా ఉండే ఒక గదిని రచయితల ఫొటోలకు, నెగటివ్‌లకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. హక్కులు కుటుంబాలకే ఉంచి, తెచ్చిన ప్రతి నెగటివ్‌నూ స్కాన్ చేసి, ఎక్కడ, ఎప్పుడు తీసినదో ఇంటివారు చెప్పగలిగినంతవరకు రాసి పెట్టించండి. ఆ వివరాలు చెప్పగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. వచ్చే వానాకాలం లోపే పత్రికా ప్రకటన ఇప్పించగలరని ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ.