జలపాతం సరే, దారిలో చెట్ల సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం పిల్లలతో తలకోన వెళ్లొచ్చాం. మాది పీలేరు, పక్కనే ఉన్న అడవి, అయినా ఇన్నేళ్లుగా తలకోన అంటే నాకు సిద్ధేశ్వర స్వామి గుడి, జలపాతం, తిరిగొచ్చేటప్పుడు టీ, అంతే. ఈసారి అడవి బాగా తెలిసిన ఓ పెద్దాయన వెంట వచ్చాడు, పది అడుగులకోసారి ఆగి ఏదో ఒకటి చూపిస్తూనే ఉన్నాడు.

మొసలి తోలులా పలకలు పలకలుగా పగిలిన బెరడు చూపించి ఇదేం చెట్టో చెప్పు సామీ అన్నాడు. తెల్లమొహం వేశాను. ఎర్రచందనమట! దుంగలు పట్టుకున్నారని మీ పేపర్లోనే ఎన్నిసార్లు చదివానో, తీరా బతికున్న చెట్టు ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేకపోయాను, పిల్లల ముందు సిగ్గేసింది. పేరీత గురించీ చెప్పాడు. చూడ్డానికి ఈత చెట్టులా ఉంటుంది గానీ దానికీ దీనికీ చుట్టరికమే లేదు, అసలు పువ్వే పూయదు, ఆడ చెట్టు వేరు మగ చెట్టు వేరు, మగ చెట్టుకొచ్చే కంకిని నాటు మందుల కోసం కోసుకుపోతుంటారట. ఈ కొండలు దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు.

గిల్లతీగ దగ్గర మా చిన్నోడు కదల్లేదు. తీగ అంటారు గానీ మొదలు చెట్టంత లావు, చిక్కుడు జాతిదే, కాయ మాత్రం మీటరు పొడుగు! ఆ మొదలు మీద ఎవరో చాకుతో పేర్లు చెక్కి, మధ్యలో లవ్ గుర్తు కూడా పెట్టారు. నీళ్ల దగ్గర షాంపూ ప్యాకెట్ల గురించి రాయను, అందరూ రాసేదే.

1989లో ఇది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు అయింది, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు వచ్చింది. దేన్ని కాపాడాలని ఇవన్నీ పెట్టారో నాకు నలభై దాటాక తెలిసింది.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నా. జిల్లా పేజీలో వారానికో చెట్టు వేయండి. ఆకు, బెరడు, కాయ ఫొటోలు, మనవాళ్లు పిలిచే పేరు, చాలు. లాటిన్ పేరు లేకపోయినా ఫర్లేదు. జాలారి, కొండ సాంబ్రాణి, మొగి, ఇవన్నీ మన కొండల చెట్లే, సగం మందికి పేర్లు కూడా తెలీదు. స్కూలు పిల్లలు కత్తిరించి దాచుకుంటారు, మా ఇంట్లో ఇద్దరు రెడీగా ఉన్నారు.

చెట్టు సరిగ్గా ఎక్కడుందో మాత్రం రాయకండి. ఎర్రచందనం గతి చూశాం కదా.

– ఓ పాఠకుడు, పీలేరు